సడ్డకుని గిర్ని

హనుమండ్లుకు అన్నం సహించకపోవడానికి కడుపులో రోగమేమీ లేదు. రోడ్డుకు ఆవల సడ్డకుడు, అదే తోడల్లుడు కైలాసం గిర్ని తిరుగుతూ ఉండేది, అంతే. ఆ మోటరు మోత వినబడినప్పుడల్లా హనుమండ్లు చేతిలోని ముద్ద కంచంలోకి జారేది. మోత ఆగితే, ఎందుకు ఆగిందోనన్న ఆరాటంలో ముద్ద నోటిదాకా పోయి అక్కడే నిలబడేది. తిరిగినా బాధే, ఆగినా బాధే అయి ఆ చలికాలంలో మనిషి ఎంత బక్కచిక్కాడంటే, ధర్మపురి దిక్కు నుంచి గాలి వీస్తే ఇంటి గుంజను పట్టుకుని నిలబడేవాడని ఊళ్లో చెప్పుకునేవాళ్లు. గాలికి గుంజ కూడా వంగిందంటారు గానీ, అది నమ్మాల్సిన పని లేదు.

నైజాం సిక్కాలు పోయి నయా పైసలు చేతులకు అలవాటవుతున్న రోజులవి. మంచిర్యాల నుంచి బొగ్గుబాయిల దిక్కు పోయే రోడ్డు మీద ఉంది వాళ్ల ఊరు. ఆ ఊరి పెద్దరైతు పోశంకు కొడుకులు లేరు, ఇద్దరు బిడ్డలు. పెద్దది బాలలక్ష్మి, చిన్నది కొమురవ్వ. కరెంటు తీగలు ఊరిదాకా రాగానే పోశం రెండు జొన్నచేన్లు అమ్మి, అల్లుళ్లిద్దరికీ చెరో వడ్లు పట్టే గిర్ని పెట్టించాడు. పెద్దల్లుడు హనుమండ్లుకు రోడ్డుకు ఊరివైపు, చిన్నల్లుడు కైలాసంకు బాయివైపు. రెండు షెడ్లూ ఒకే కొలత. రెండు మోటర్లూ ఒకే బండిలో దిగాయి. ఒకే ఈతలో పుట్టిన దూడల్లాంటివి. ఏడాది తిరిగేసరికి ఆవలి దూడ ఎద్దయింది. ఈవలిది కొట్టం వదిలి లేవనే లేదు.

అసలు మంట దసరానాడు అంటుకుంది.

జమ్మి ఆకు తెచ్చి, బంగారమని పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కడం ఆనవాయితీ కదా. పెద్దల్లుడు పెట్టిన తర్వాతే చిన్నల్లుడు పెట్టాలి. హనుమండ్లు జమ్మి పట్టుకుని చేయి చాపాడు. మామ చేయి ముందుకు వచ్చింది, వచ్చి హనుమండ్లు చేతిని దాటుకుని కైలాసం దగ్గరికి పోయింది.

"ఏం కైలాసం, నీ గిర్ని ముందట గంపల వరుస రోడ్డుదాక వచ్చిందట గదా!" అన్నాడు పోశం, వాడి జమ్మి తీసుకుని కళ్లకద్దుకుంటూ.

"మామా, ముందుగల్ల అన్న జమ్మి తీసుకోరాదే," అన్నాడు కైలాసం నొచ్చుకుని.

వాడు నోరు మూసుకుని ఉన్నా బాగుండేది. వాడి సిఫారసు మీద తన జమ్మి తీసుకోబడ్డదన్న మాట హనుమండ్లు గుండెలో తుమ్మముల్లై దిగింది. మామ ఆ ముల్లు మీద మరో దెబ్బ వేశాడు.

"హనుమండ్లూ, ఉన్నమాట చెప్తున్న, ఏమనుకోకు. ఉగాదిదాక చూస్త. అప్పటికి గూడ నీ గిర్ని నడవకుంటె గా మోటరు ఇప్పి కైలాసం షెడ్డుల బిగిద్దం. ఇనుము ఊకె కూసుంటె తుప్పు వడ్తది."

తన మోటరు! కైలాసం షెడ్డులో! రెండు మోటర్లూ పక్కపక్కన నిలబడి తిరుగుతూ ఉంటే, తాను రోడ్డుకు ఈవల కూర్చుని వినాలి. ఆ రాత్రి నుంచే ముద్ద దిగడం మానేసింది.

కైలాసం గిర్ని నడవడంలో మాయ ఏమీ లేదు. వాడు చౌకగా పట్టించేవాడు, అందుకే ఆడవాళ్లు వడ్ల గంపలు నెత్తిన పెట్టుకుని వాడి దగ్గరికే పోయేవాళ్లు. చౌకగా ఎట్లా పట్టించేవాడంటే, కరెంటు చౌకగా ఉన్న వేళ చూసుకుని మోటరు తిప్పేవాడు. ఆ వేళల సంగతి లైన్‌మన్ అంతయ్య రెండు గిర్నీలకూ వచ్చి మీటర్లు బిగించిన రోజే చెప్పాడు.

"హనుమండ్లన్నా, జర మనసు వెట్టి విను," అన్నాడు అంతయ్య. "అందరు ఒక్కపారే మోటర్లు తిప్పితె పవర్‌హౌజ్ కూలవడ్తది. అందుకే కంపెనీ వేళలు పంచింది. బాయి దిక్కు గిర్నీలకు పొద్దటి పూట అగ్గువ. ఊరి దిక్కు గిర్నీలకు పగటి కూత అయినంక అగ్గువ. దీపాలు ముట్టిచ్చే యాళ్లకు అందరికీ పిరమే."

అగ్గువంటే చౌక, పిరమంటే ఖరీదు; పగటి కూత అంటే మిట్టమధ్యాహ్నం బొగ్గుబాయి సైరన్. ఊళ్లో గడియారం ఎవరింట్లోనూ లేదు. అన్నం తినాలన్నా, ఎడ్లను విప్పాలన్నా ఆ కూతే లెక్క.

"మీటరుకు గాజు కింద రెండు కిటికీలున్నయి సూడు, ఒకటి ఎర్రది, ఒకటి నల్లది. కూత యాళ్లకు టక్కుమని మారుతది. ఏది తిరిగితె ఏందంటె…" అని అంతయ్య చెప్పబోతుండగా హనుమండ్లు కళ్లు వాడి మీసాల మీద పడ్డాయి. మీసాల కొసలకు తెల్లగా ఏదో అంటి ఉంది.

"సల్ల ఎక్కడ తాగినవే అంతన్నా?"

"కైలాసం ఇంట్ల. కొమురవ్వ పోసింది. మస్తు కమ్మగున్నది, పానం లేచొచ్చింది."

అంతే. హనుమండ్లు చెవులు మూతపడ్డాయి. "సరే సరే, ఇగ పో," అని పంపించేశాడు. ఏ కిటికీ దేనిదో అంతయ్య నోట్లోనే ఉండిపోయింది.

"అంతన్న పగటీలి అగ్గువని చెప్పిండు గదా, కూత అయినంక నడుపరాదు?" అని బాలలక్ష్మి అడిగింది.

"నీ చెల్లె సల్ల పోసి పంపిన మాటది. పగటీలి అగ్గువైతె కైలాసంగాడు కూత కూయంగనె ఎందుకు బంద్ వెడ్తుండు? వానికేమన్న పిచ్చా?"

"వానిది బాయి దిక్కు, మనది…"

"తీగ ఒక్కటే, స్తంభం ఒక్కటే, రోడ్డుకు రెండు దిక్కుల రెండు ధరలుంటయా? గోదారికి ఈ ఒడ్డున ఉప్పగ, ఆ ఒడ్డున తియ్యగ ఉంటదా?"

ప్రశ్న బాగున్నప్పుడు జవాబు తప్పయినా మనిషి నమ్ముతాడు. హనుమండ్లు ఒక నిర్ణయానికి వచ్చాడు: కైలాసం చెప్పించేది వినకూడదు, కైలాసం చేసేది చెయ్యాలి. వాడు మోటరు తిప్పినప్పుడే తాను తిప్పాలి, వాడు ఆపినప్పుడే తానూ ఆపాలి.

ఇక చూడాలి ఆ వేషం. పొద్దున కైలాసం షెడ్డు తలుపు తీస్తే, ఈవల హనుమండ్లు తలుపు కిర్రుమనేది. వాడు స్విచ్చు ముందు చెప్పులు విడిస్తే ఇతనూ విడిచేవాడు. వాడు మోటరుకు నిమ్మకాయ కడితే, ఇతను గుమ్మడికాయ కట్టాడు. కైలాసంకు స్విచ్చు వేసేముందు ఒక దగ్గు దగ్గే అలవాటు ఉండేది. ఏ దగ్గులో ఏ మర్మం ఉందోనని హనుమండ్లు కూడా దగ్గడం మొదలుపెట్టాడు. రోడ్డుకు అటు ఒక దగ్గు, ఇటు ఒక దగ్గు వినబడ్డాయంటే తెల్లారిందని ఊరి కోళ్లు కూయడం మానేశాయట.

మీటరు సంగతి కూడా తనకు తానే తేల్చుకున్నాడు. పొద్దున గిర్ని తిరుగుతుంటే ఎర్ర కిటికీలో అంకెలు కదిలేవి. ఎరుపు కుంకుమ రంగు, లక్ష్మి. నలుపు శని. కదులుతున్నది లక్ష్మి కాబట్టి ధర అగ్గువే అయి ఉంటుంది. ఆ కిటికీ గాజుకు పసుపు రాసి బొట్టు కూడా పెట్టాడు. కూత కాగానే కైలాసంతో పాటు మోటరు ఆపేసేవాడు కాబట్టి, నల్ల కిటికీ ఏనాడూ కదల్లేదు. శని కదలకపోవడమే మంచిదని దానికి దండం పెట్టి ఇంటికి పోయేవాడు.

నెల తిరిగితే బిల్లు మాత్రం లక్ష్మిలా రాలేదు. తాటాకు మంటలా వచ్చింది.

బిల్లు పెరిగితే వడ్లు పట్టే కూలి పెంచాడు. కూలి పెంచితే ఉన్న నాలుగు గంపలూ రోడ్డు దాటాయి. తన షెడ్డు ముందు నుంచే, తన గుమ్మం ముందు గాజులు గలగలలాడించుకుంటూ ఆడవాళ్లు అటు పోతుంటే, హనుమండ్లు ప్రతి గంపనూ కళ్లతో మోసి ఆవల దింపేవాడు. నడుము నొప్పి పుట్టేది. మనుషులు పోతే పోయారు, పిట్టలు కూడా పోయాయి. కైలాసం షెడ్డు ముందు నూకల కోసం పిచ్చుకలు గుంపులు గుంపులుగా వాలేవి. ఒకనాడు ఉండబట్టలేక దోసెడు నూకలు తన గుమ్మం ముందు చల్లాడు. పిచ్చుకలు వచ్చాయి, ఒక్క నూక మిగల్చకుండా తిన్నాయి, మూతులు తుడుచుకుని మళ్లీ కైలాసం దగ్గరికే ఎగిరిపోయాయి.

"ఆకరికి పిట్టలు గూడ వాని దిక్కే," అన్నాడు హనుమండ్లు. కంట్లో నీళ్లు తిరిగాయి. నూకల దుమ్ము పడిందని బాలలక్ష్మితో చెప్పాడు.

అప్పుడే అతనికి కొత్త సంగతి తోచింది. ఇద్దరూ ఒకే వేళకు తిప్పుతుంటే వాడికి బిల్లు తక్కువ, తనకు ఎక్కువ రావడమేమిటి? వాడు తన కరెంటును తీగలోనే గుంజుకుంటున్నాడు! మర్నాడు పొద్దున రోడ్డు పక్కనున్న స్తంభాన్ని రెండు చేతులా వాటేసుకుని, చెవి ఆనించి, కరెంటు ఏ దిక్కు పారుతున్నదో వినడానికి నిలబడ్డాడు. గంపతో అటు పోతున్న ముసలి నాగవ్వ ఆగింది. ఆ ఊళ్లో నాగవ్వ నోటికి తాళం లేదు.

"ఏమంటంది కొడుకా స్తంభం? కడుపుల బిడ్డ మెసులుతందా?"

"నీ పని చూసుకో నాగవ్వా."

"నా పనే ఇది. వడ్లు పట్టియ్యవోతున్న. నీ సడ్డకుని దిక్కే పోతున్న, ఏమన్న చెప్పాల్నా? దగ్గు మంచిగనే ఉన్నదని చెప్పన్నా?"

ఆవల షెడ్డులోంచి కొమురవ్వ నవ్వు వినబడింది. ఇవతల షెడ్డులోంచి సొంత పెళ్లాం నవ్వు కూడా వినబడేసరికి హనుమండ్లు స్తంభాన్ని వదిలాడు.

ఫాల్గుణం వచ్చింది. ఉగాది ముంచుకొస్తున్నది. పోశం ఒకటి రెండుసార్లు వచ్చి మోటరు బోల్టులు చేత్తో తడిమి చూసి పోయాడు కూడా. ఇంతలో ధర్మపురి నర్సింహస్వామి జాతర వచ్చింది. కైలాసం కొడుక్కు పుట్టెంటికలు తీయించే మొక్కు ఉంది. పెళ్లాం పిల్లలతో బండి కట్టుకుని, షెడ్డుకు తాళం వేసి వాడు జాతరకు పోయాడు.

ఆ పొద్దున హనుమండ్లు లేచి, చెవి రిక్కించి, ఆవలి దగ్గు కోసం చూశాడు. దగ్గు లేదు. తలుపు చప్పుడు లేదు. షెడ్డుకు తాళం. హనుమండ్లు గుమ్మంలోనే కూలబడ్డాడు. దగ్గుదామంటే ఎవరి వెనక దగ్గాలో తెలియలేదు.

అట్లా కూర్చుని ఉండగానే వడ్ల బస్తాలతో ఎడ్లబండ్లు వచ్చి అతని షెడ్డు ముందు ఆగాయి. ముందు బండి మీద నుంచి బాయి క్యాంటీన్ చూసే రాజం దిగాడు. గనుల్లో పనిచేసేవాళ్లకు అన్నం పెట్టే ఆ క్యాంటీన్ కొత్తగా తెరిచారు. దాని వడ్లు ఏ గిర్నికి వస్తే ఆ గిర్నికి ఏడాదంతా పని అన్నట్టే.

"హనుమండ్లూ, క్యాంటీన్ వడ్లు. ఎల్లుండికల్ల బియ్యం గావాలె. మంచిగ పట్టిస్తివంటె ఇగ ముందు గూడ తోలుత," అన్నాడు రాజం.

హనుమండ్లు బండ్ల వైపు చూశాడు. ఆవలి తాళం వైపు చూశాడు. మళ్లీ బండ్ల వైపు చూశాడు.

"ఇయ్యాల గిర్ని బంద్," అన్నాడు.

"బందా? ఎందుకు?"

"మంచిరోజు కాదు."

రాజం ఎడ్ల వైపు తిరిగి, "కూత కూసేదాక ఎడ్లను నీడకు కట్టేస్త. అప్పటికి తిరగకుంటె మంచిర్యాలకు తోలుకపోత. నాకైతె బియ్యం గావాలె," అని వేపచెట్టు కిందికి పోయి బీడీ ముట్టించాడు.

బాలలక్ష్మి చేట పట్టుకునే బయటికి వచ్చింది.

"ఏందయ్యా, లక్ష్మి బండెక్కి వస్తె గడప కాడ నిలవెట్టినవ్? ఉగాది ఎంత దూరం ఉన్నదో ఎరికేనా? బాపు వచ్చి మోటరు ఇప్పుకపోతె అప్పుడు తిప్పుతవా?"

"నీకు తెల్వది ఊకో. వాడు బంద్ వెట్టిండంటె ఉట్టిగనే వెట్టిండా?"

"పిలగాని ఎంటికలు తీపియ్యవోయిండు!"

"ఎంటికలు పేరుకు. లోపలి సంగతి వేరే ఉంటది. ఇయ్యాల రేపు కరెంటు అగ్గి లెక్క ఉంటదని వానికి ఎవలో చెప్పిండ్రు. నేను తిప్పి బుగ్గి కావాలె, వాడు వచ్చి నా మోటరు ఎత్తుకపోవాలె. గిదీ వాని తరీక."

"వాడు దగ్గితె దగ్గుతివి, వాడు చెప్పులిడిస్తె ఇడిస్తివి. ఇప్పుడు గుండు గూడ కొట్టిచ్చుకుంటవా?"

బండి నీడన కూర్చున్న నాగవ్వ, "కొట్టిచ్చుకోనీ బిడ్డా, నూనె ఖర్చన్న తప్పుతది," అంది.

పొద్దు నెత్తికెక్కింది. హనుమండ్లు గుమ్మంలోంచి లేవలేదు. అతని కళ్లు తాళం మీదే ఉన్నాయి. తాళాన్ని ఎంతగా చూశాడంటే, కైలాసం తిరిగొచ్చేసరికి అది అరిగి చిన్నదైందంటారు.

కూత కూసింది. వేపచెట్టు కింద రాజం లేచి బీడీ పారేశాడు. బండివాళ్లు ఎడ్ల పలుపులు విప్పసాగారు.

బాలలక్ష్మి చేట కింద పెట్టింది. కొంగు నడుముకు బిగించింది. "నువ్వు గాడనే కూసొని కైలాసం తాళం కావలి గాయి," అని చెప్పి షెడ్డులోకి పోయి, దగ్గకుండానే స్విచ్చు వేసింది. చెప్పులు కూడా విడవలేదు.

మోటరు మూలిగింది, కదిలింది, తోలు పట్టా అందుకుని తిరిగింది. హనుమండ్లు అగ్గి తొక్కినవాడిలా లోపలికి ఉరికాడు. స్విచ్చు తీసేయడానికి చేయి ఎత్తాడు. స్విచ్చు పైనే మీటరు. ఎత్తిన చేయి ఎత్తినట్టే ఉండిపోయింది.

ఎర్ర కిటికీ కదలడం లేదు. పసుపు పూసుకుని, బొట్టు పెట్టుకుని, ఫోటోలోని దేవతలా నిలబడి ఉంది. నల్ల కిటికీలో అంకెలు తిరుగుతున్నాయి, మెల్లగా, చల్లగా.

ఏనాడూ కూత దాటి మోటరు తిప్పినవాడు కాదు కదా, ఆ కిటికీ తిరగడం అతను చూడటం అదే మొదలు. కూత వేళకు టక్కుమని మారుతది. అంతయ్య మాట, మీసాల మీది సల్లను దాటుకుని ఇన్నాళ్లకు చెవికి చేరింది. మారడమంటే ధర మారడం. పొద్దటి పూట వాడికి అగ్గువ, తనకు పిరం. కూత తర్వాత తనకు అగ్గువ, వాడికి పిరం. అందుకే వాడు ఆపేవాడు. అందుకే తాను ఆపకూడనిది. వాడిని చూసి చూసి, వాడి అగ్గువ వేళలో తన పిరం కరెంటు కాల్చుకున్నాడు. దానికి బొట్టు కూడా పెట్టాడు.

చేయి దింపి, పంచె కొంగుతో ఎర్ర కిటికీ మీది బొట్టు తుడిచాడు. ఎవరైనా చూశారేమోనని వెనక్కి తిరిగాడు. బాలలక్ష్మి చూస్తోంది. గంప ఎత్తి వడ్లు పోసింది.

బియ్యం తెల్లగా, సన్నగా దిగుతున్నాయి. రాజం దోసిట పట్టి ఎండలోకి తెచ్చి చూశాడు.

"కైలాసం చెప్పింది నిజమే. మా అన్న గిర్నిల నూక తక్కువ వడ్తదన్నడు."

హనుమండ్లు గిరుక్కున అటు తిరిగాడు. "ఎవలన్నరు?"

"కైలాసమే. నిన్న నా తానికి వచ్చి, నేను జాతరకు పోతున్న, బండ్లు మా అన్న గిర్నికి తోలు అన్నడు. కూత అయినంక అన్నకు అగ్గువ పడ్తది, ధర గూడ తక్కువ చేస్తడని తనే చెప్పిండు."

ఒక్క క్షణం హనుమండ్లుకు మోటరు మోత వినబడలేదు. వాడు తన కరెంటు గుంజుకుని ఉంటే ఎంత బాగుండేది! రోడ్డు మధ్యన నిలబడి తిట్టేవాడు, పంచాయితీ పెట్టేవాడు, నాలుగు రోజులు కడుపునిండా తినేవాడు. మెచ్చుకుని బండ్లు తోలినవాణ్ని ఏమనాలి? గిర్నిలో వాడే ముందు, మామ దగ్గర వాడే ముందు, ఆఖరికి మంచితనంలో కూడా తనకు చోటు మిగల్చకుండా వాడే ముందు వచ్చి కూర్చున్నాడు. ఇంతకంటే పెద్ద దోపిడీ ఉంటుందా?

అయినా మోటరు ఆపలేదు. బండ్ల మీది వడ్లన్నీ బియ్యమైనాయి.

కైలాసం గుండుతో, స్వామి ప్రసాదంతో తిరిగొచ్చాడు. ప్రసాదం ఇవ్వడానికి రోడ్డు దాటి వచ్చినవాణ్ని హనుమండ్లు కూర్చోమన్నాడు. మంచి మాట ఒకటి చెప్పాలనుకుని చాలాసేపు గొంతు సవరించుకున్నాడు.

"నీ పట్టా జర వదులైనట్టున్నది. మోత తేడా వస్తంది, చూసుకో," అన్నాడు చివరికి.

"నా గిర్ని మోత నాకంటె నీకే ఎరికనే అన్నా," అని నవ్వాడు కైలాసం.

ఇద్దరూ ప్రసాదం తిన్నారు. దాని తర్వాత పొద్దుటి గంపలు బాయివైపు, కూత తర్వాతి గంపలు ఊరివైపు అని అక్కాచెల్లెళ్లు పంచేశారు. అడగడానికి మగవాళ్లకు సందు దొరకలేదు. కూత కూస్తే చాలు, కైలాసం షెడ్డు ముందు మిగిలిన గంపలు వరుస చెదరకుండా రోడ్డు దాటి హనుమండ్లు షెడ్డు ముందు నిలబడేవి. నాగవ్వ గంప మాత్రం రెండు దిక్కులా మాట్లాడుకోవడానికి రోడ్డు మధ్యనే ఆగేది. క్యాంటీన్ బండ్లూ కూత తర్వాతే వచ్చి ఊరివైపు ఆగేవి. ఉగాదికి ముందు ఒక మధ్యాహ్నం పోశం వచ్చి, మోటరు మీద చేయి పెట్టి, కాలితే తీసేసి, "ఇది ఈడనే ఉండనీ," అని వెళ్లిపోయాడు.

మళ్లీ దసరా వచ్చింది. ఈసారి పోశం తెలివి చేశాడు. రెండు చేతులూ ఒకేసారి చాపాడు. కుడిచెయ్యి ఎవరిదని హనుమండ్లు ముందే చూసుకున్నాడు. తనదే. జమ్మి పెట్టి, మామ కాళ్లు మొక్కి, కడుపు చల్లబడి లేచాడు.

కైలాసం ఎదురొచ్చి, "అన్నా, బంగారం," అని చేతిలో జమ్మి పెట్టి వంగి మొక్కాడు. ఇద్దరూ అలాయ్‌బలాయ్ తీసుకున్నారు. తోడల్లుడి భుజం మీద గడ్డం ఆనించి ఉండగానే హనుమండ్లు చేతిలోని ఆకును వెలుగుకు పెట్టి చూశాడు. తన జమ్మి పక్కన పెట్టి మళ్లీ చూశాడు.

"కైలాసం, నీ జమ్మి గింత పచ్చగున్నదేందిరా? ఏ చెట్టుది?"

"నువ్వు తెంపిన చెట్టుదేనే. నీ ఎనకనే ఉంటి గదా."

హనుమండ్లు నమ్మలేదు. అంతయ్యకు పోసినట్టు ఆ చెట్టుకు కూడా కొమురవ్వ సల్ల పోసి ఉంటుందని, మర్నాడు పొద్దునే పోయి జమ్మిచెట్టు మొదలు వాసన చూసి వచ్చాడు.